నేను కల్పించిన లిఫ్టు

ఫిబ్రవరి 4

రేపటి శిక్షణ క్లాసులో చర్చకి పెట్టే కేసు మార్చేశాను. ఏళ్ళ తరబడి చెబుతున్న ప్రెషర్ కుక్కర్ల కంపెనీ కథ అంటే నాకే మొహం మొత్తింది. పైగా రేపు ఎదురుగా కూర్చునేది లిఫ్టుల కంపెనీ డైరెక్టర్లు. వాళ్ళకి కుక్కర్ విజిల్ గురించి చెబితే కునికిపాట్లు పడతారు.

అందుకని సాయంత్రం కూర్చుని ఒక లిఫ్టుల కంపెనీని పుట్టించాను. బ్రేకుల్లో వేసే ప్యాడ్లు ఒక లాటు నాసిరకానివి వచ్చాయి. లిఫ్టు అంతస్తులో ఆగాక, మనిషి కాలు బయట పెట్టేలోగా, అరచేతి మందం కిందికి జారుతోంది. సర్వీసు విభాగం పెద్ద ఆ సంగతి ఎండీ చెవిన వేశాడు. ఒక పెద్ద ఆర్డరు సంతకాల దాకా వచ్చి ఉంది. ఇప్పుడు గోల ఎందుకు, మామూలు సర్వీసుల్లో చప్పుడు కాకుండా ఒక్కొక్కటే మార్చుకుంటూ పోదాం అనుకున్నారు ఎండీ, ఛైర్మన్. బోర్డుకి చెప్పలేదు. మీరు ఆ బోర్డులో డైరెక్టరు. మీకీ సంగతి ఎలా తెలియాలి? ఎవర్ని ఏం అడుగుతారు?

బాగా కుదిరింది. బ్యాంకు బోర్డులో సెక్రటరీగా మినిట్స్ రాసి రాసి అరిగిన చెయ్యి ఇది. కల్పన కూడా చేయగలదని ఇవాళే తెలిసింది. చదువుకుంటుంటే నాకే నిజంలా అనిపించింది.

అత్తయ్య టీవీ హోరు మధ్యే ఏదో చెబుతూనే ఉంది. పనిలో ఉన్నానన్నాను.

ఫిబ్రవరి 5

క్లాసు సగంలో ఆగిపోయింది.

పొద్దున అంతా సరదాగానే సాగింది. పొడుగాటి బల్ల, నీళ్ళ గ్లాసుల మీద కాగితపు మూతలు, వణికించే ఏసీ. ఛైర్మన్ అరవై దాటిన మనిషి, నవ్వు మొహం. ఆయన పక్కన ఎండీ, అంటే ఆయన అల్లుడే. అటువైపు రిటైరైన జడ్జిగారు, కళ్ళు మూసుకుని వినే అలవాటున్న డైరెక్టరు. ఇటువైపు ఛైర్మన్‌కి అక్క. కంపెనీలో గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి అందరూ ఆవిణ్ణి అక్కగారనే అంటారు. తండ్రి పోయినప్పటి నుంచి బోర్డులో ఉన్నారు గానీ ఒక్కనాడూ నోరు విప్పలేదని వాళ్ళ బోర్డు సెక్రటరీ నాకు ముందే చెప్పాడు. ఈ శిక్షణ పెట్టించింది ఆ సెక్రటరీయే. నెమ్మదస్థుడు, మాటకి ముందు ఒకసారి గొంతు సవరించుకుంటాడు.

కేసు చదవడం మొదలుపెట్టాను. అరచేతి మందం అన్న చోట ఎండీ చేతిలోని కప్పు సాసర్లోకి టంగుమని దిగింది. ఛైర్మన్ మొహం మీద నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం అల్లుడి వైపు వెళ్ళాయి. నేను చదువుతూనే పోయాను. మూర్ఖురాల్ని, శ్రద్ధగా వింటున్నారు అనుకుని సంతోషించాను కూడా.

చదవడం అయ్యాక అక్కగారు బడిపిల్లలా చెయ్యెత్తారు.

"ఆ సర్వీసు పెద్ద బోర్డు దగ్గరికి ఎందుకు రాలేదమ్మా?"

"మంచి ప్రశ్న అడిగారండీ. ఎవరు చెబుతారు?" అన్నాను ఉత్సాహంగా.

జడ్జిగారు కళ్ళు తెరిచారు.

"ఇక భోజనాలకి లేద్దాం" అన్నారు ఛైర్మన్. భోజనాల వేళ ఇంకా కాలేదు.

వరండాలో నన్ను పక్కకి పిలిచారు. "ఎవరు చెప్పారు మీకు?"

"దేని గురించండీ?"

"మేడమ్, నేను చిన్నపిల్లాణ్ణి కాదు."

"ఎవరూ చెప్పలేదండీ. కల్పించి రాశాను. నా బుర్రలోంచి పుట్టింది."

"అరచేతి మందం కూడా మీ బుర్రలోంచే పుట్టిందా?"

సమాధానం కోసం ఆగకుండా వెళ్ళిపోయారు. భోజనం బల్ల దగ్గర ఎవరూ నా పక్కన కూర్చోలేదు. ఆ తర్వాత ఎవరూ క్లాసుకి రాలేదు.

ఫిబ్రవరి 6

నాకు తెలిసిందేమీ లేదు. ఒకాయన భోజనానికి కాస్త ముందుగా లేచాడు. అంతే.

ఫిబ్రవరి 7

సెక్రటరీ ఫోన్ చేశాడు. గొంతు సవరించుకోవడం ఇవాళ చాలాసేపు సాగింది.

"మేడమ్, నేను మీకు ఎప్పుడైనా ఏమైనా చెప్పానా?"

"లేదండీ."

"ఆ మాటే వాళ్ళతో చెప్పండి. నన్ను సెలవు మీద వెళ్ళమన్నారు. ఎప్పటి దాకా అంటే చెప్పరు. లోపలి సంగతి బయటికి మోశానట. అసలా లోపలి సంగతేమిటో నాకే తెలీదు మేడమ్. నిన్న వాళ్ళు నన్ను తిడుతుంటే తెలిసింది."

అంటే నిజమే.

ఛైర్మన్ ఆఫీసుకి వెంటనే ఫోన్ చేశాను. సెక్రటరీకి ఏ పాపమూ తెలియదని చెప్పాను. అవతలి అమ్మాయి రాసుకున్నాను అంది. తిరిగి ఫోన్ రాలేదు.

నాతో కలిసి ఈ శిక్షణ సంస్థ పెట్టిన పార్టనర్‌ని మా ఆయన తొందరగారు అంటారు. ఆ పేరుకి తగ్గట్టే పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టాం. గుర్తుందా? ఒక్క మాట బయటికి పొక్కిందంటే ఇక ఏ బోర్డూ మనల్ని గుమ్మం తొక్కనివ్వదు."

"నాకు తెలిసిందేమీ లేదు" అన్నాను.

"అదీ! ఆ మాట మీదే ఉండు."

ఉంటాను. ఊహని నిజమని పట్టుకుని ఊరేగడం నా పని కాదు. నేను శిక్షణ ఇచ్చేదాన్ని, తనిఖీ చేసేదాన్ని కాదు.

ఫిబ్రవరి 8

బజారు నుంచి వస్తూ మెట్లెక్కి వచ్చాను. ఐదంతస్తులు. ఒంటికి మంచిది.

మా లిఫ్టు తలుపు పైన ఇత్తడి పలక మీద ఉన్నది వాళ్ళ కంపెనీ పేరే. ఇన్నాళ్ళూ కళ్ళెక్కడ పెట్టుకున్నానో.

ఫిబ్రవరి 9

ఇవాళా మెట్లే. ఒంటికి మంచిది.

అత్తయ్యకి లిఫ్టు పాడైందని చెప్పాను. "ఇందాకే పక్కింటావిడ అందులో దిగిందిగా?" అంది. ఆవిడకి కాస్త తక్కువగా వినిపించినా బాగుండు. మోకాలి వ్యాయామాలు చేయించే అమ్మాయినే ఇంటికి రమ్మన్నాను. "కోడలు ప్రేమ పొంగిపొర్లుతోంది, ఏం ముంచుకొచ్చిందో" అని కొడుకుతో అంటోంది. నాకు వినబడేటట్టే.

మెట్ల దగ్గర రెండో అంతస్తు వాళ్ళు ఎదురయ్యారు. పసిబిడ్డని ఎత్తుకుని లిఫ్టు కోసం నిలబడి ఉన్నారు. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను. "పాప బాగుందండీ" అన్నాను. వాళ్ళు లిఫ్టెక్కి వెళ్ళిపోయారు. పైకి చేరిన శబ్దం వినబడేదాకా మెట్టు మీదే నిలబడిపోయాను.

నాకు తెలిసిందేమీ లేదు.

ఫిబ్రవరి 10

తెలుసు. నాకు తెలుసు.

డైరెక్టరు ఉద్యోగం అంటే అడగడం అని బోర్డు బోర్డుకీ తిరిగి చెబుతాను. తెలియదు అనుకోవడం ఎంత హాయో ఎవరికీ చెప్పను. ఈ వారం ఆ హాయి ఏమిటో బాగా తెలిసింది. ఒక్క ముద్ద దిగడం లేదు.

చెబితే ఒప్పందం దాటినట్టు. పైగా చేతిలో ఏముంది? ఒక కప్పు చప్పుడు, ఒక చూపు. చెబితే సెక్రటరీయే నాకు మోశాడన్నది ఖాయమైపోతుంది. అతని పిల్లకి పరీక్షలు దగ్గరపడ్డాయట. ఆ మాట ఫోన్లో ఎందుకు చెప్పాడో గానీ చెప్పాడు. చెప్పకపోతే రెండో అంతస్తు పాప.

ఫిబ్రవరి 11

ఇవాళ జరిగింది వరసగా రాయాలి.

పొద్దున మా ఆయన బడికి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్నారు. ఆయన లెక్కల మాస్టారు. ఇంట్లో కూడా ఎవరేమన్నా మెట్లు మెట్లుగా రుజువు అడుగుతారు. నన్నలా చూసి ఉండబట్టలేక చెప్పులు విప్పేసి కూర్చున్నారు.

"ఏమైంది? మొత్తం చెప్పు."

చెప్పాను. కంపెనీ పేరు తప్ప అంతా చెప్పాను. ఆయనకి అది ఇత్తడి పలక మీద చదువుకోవడం వచ్చు.

"అరచేతి మందం అన్న ముక్క ఎక్కడిది?" అన్నారు.

"నా ఊహే. ఏదో అలా తోచింది."

"తోచిందా? అమ్మ ఎన్నాళ్ళ నుంచి మొత్తుకుంటోంది! 'ఒరేయ్, ఈ లిఫ్టు ఆగాక మళ్ళీ దిగుతోందిరా, అరచేతి మందం' అని చెయ్యి ఇలా అడ్డంగా పెట్టి మరీ చూపించింది. నువ్వేమన్నావో గుర్తుందా? మీ మోకాళ్ళ వల్ల అలా అనిపిస్తుంది అత్తయ్యా అన్నావు."

నా బుర్రలోంచి పుట్టిందని ఛైర్మన్ ముందు ఎంత ధీమాగా చెప్పాను! పుట్టింది అత్తయ్య నోట్లోంచి. నేను వినలేదనుకున్నాను. నా చెవులు మాత్రం విని దాచిపెట్టుకున్నాయి.

ఆ వెంటనే ఇంకో సంగతి వెలిగింది. అయితే నాకు ఎవరూ ఏమీ మోయలేదు! మా లిఫ్టు గురించి మా ఇంటి మనిషి చెప్పింది. అది ఏ ఒప్పందం కింద దాచాలి? సెక్రటరీకి దీంతో సంబంధమే లేదు.

"మరి ఇంకా కూర్చున్నావేం?" అన్నారు మా ఆయన, మళ్ళీ చెప్పులు వేసుకుంటూ.

అక్కగారింటికి వెళ్ళాను. లిఫ్టుల కంపెనీ మనిషై ఉండి ఆవిడ ఉండేది నేల అంతస్తులో. "నాకు చిన్నప్పట్నుంచీ ఎత్తంటే భయం. బయట చెప్పకండి" అని తలుపు తీస్తూనే నవ్వారు. కూర్చున్నాక నవ్వు తగ్గించారు.

"మీ క్లాసు మధ్యలో ఆపేశారని నాకు కోపంగా ఉందమ్మా. నా ప్రశ్నకి జవాబు రాలేదు. ఇంటికొచ్చాక తమ్ముణ్ణి అడిగితే, అక్కా అదొట్టి కథ అన్నాడు. ఒట్టి కథకి వాడి మొహం ఎందుకలా పాలిపోవాలి?"

"మీ లోపలి సంగతులు నాకు తెలియవండీ, నేను మాట్లాడకూడదు కూడా. ఇవాళ క్లాసు చెప్పే మనిషిగా రాలేదు. మీ లిఫ్టు ఉన్న ఇంట్లో కాపురముండే మనిషిగా వచ్చాను. మా అత్తగారు అందులో దిగబోయి తూలిపడబోయారు."

ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "మీ అత్తగారికి ఫోన్ కలుపుతారా?"

కలిపి స్పీకర్లో పెట్టాను.

"వదినగారూ, నమస్కారం. మీ ఇంటి లిఫ్టు సంగతి కాస్త చెబుతారా?"

"అయ్యో, అడిగే దిక్కుండాలే గానీ చెప్పకేం వదినగారూ!" అంది అత్తయ్య. వినేవాళ్ళు దొరికిన ఆనందం ఫోన్లోంచి కారిపోతోంది. "తలుపు తీసుకునేదాకా బుద్ధిగానే ఉంటుంది. కాలు బయట పెట్టబోతామా, నేల పైకి లేచినట్టుంటుంది. నేలెందుకు లేస్తుంది? ఇదే దిగుతుంది. అరచేతి మందం. చలి మొదలైనప్పట్నుంచీ ఇదే వరస. మా పక్కింటి లావుపాటాయన ఎక్కితే ఇంకాస్త. అబ్బాయితో చెప్పా, కోడలితో చెప్పా. నీ మోకాళ్ళే అన్నారు. నా మోకాళ్ళకి బ్రేకులున్నాయా వదినగారూ?"

అక్కగారు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను.

ఫోన్ పెట్టేశాక ఆవిడ లేచి నిలబడ్డారు. "మా సర్వీసు పెద్ద మా నాన్న చేతికింద పనిలో చేరిన మనిషి. నేను ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే అబద్ధం చెప్పలేడు. ఇన్నేళ్ళూ అడగనిది నేనే. మీ లిఫ్టు మాత్రం ఈ పూటే ఆపిస్తాను. ఎవర్నీ ఎక్కనివ్వకండి."

నేను ఇల్లు చేరేసరికి లిఫ్టు ముందు అడ్డంగా తాడు కట్టి ఉంది. దాని పక్కన కుర్చీ వేసుకుని కాపలాగా అత్తయ్య. ఐదంతస్తులూ రెయిలింగ్ పట్టుకుని దిగిందట.

"ఎవరొచ్చినా ఎక్కనివ్వను. ఆ వదినగారు మళ్ళీ ఫోన్ చేసి మరీ నాకు అప్పజెప్పింది" అంది.

ఫిబ్రవరి 12

సర్వీసు పెద్ద అక్కగారికి అంతా చెప్పేశాడట. రేపు బోర్డు మీటింగ్. అక్కగారే పిలిచారు. ఇంతకంటే ఏమీ చెప్పలేదు, చెప్పకూడదు కూడా.

తొందరగారికి జరిగిందంతా చెప్పాను. "మునిగాం" అన్నాడు. కాసేపాగి, "మా అమ్మ వాళ్ళ బిల్డింగ్‌లో లిఫ్టు ఎవరిదో కనుక్కోవాలి" అంటూ వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 13

అమ్మయ్య.

పొద్దున్నుంచీ ఏ పనీ సాగలేదు. కూరగాయలు తరగడానికి కూర్చుంటే తరిగినవే మళ్ళీ తరిగాను. మధ్యాహ్నం ఫోన్ మోగింది. గొంతు సవరించుకున్న చప్పుడు వినగానే లేచి నిలబడ్డాను.

"మేడమ్, ఆఫీసు నుంచే మాట్లాడుతున్నాను. నా గదిలోంచే."

ఏం జరిగిందో చెప్పడానికి అతనికి అనుమతి ఉందట. బోర్డే ఇచ్చిందట. మీటింగ్ మొదలవగానే అక్కగారు బ్రేకుల సంగతి ఎత్తారు. ఛైర్మన్, "అక్కా, అది తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. "ఇప్పుడే మాట్లాడుకుందాం. కానీ మినిట్స్ రాసే మనిషేడి? ముందు అతన్ని పిలిపించు, రాసుకోవాలి" అన్నారట ఆవిడ. అలా ఇంట్లో కూర్చున్న మనిషిని కారు పంపించి తీసుకొచ్చారు. రాగానే అక్కగారు, "ఈయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పింది ఐదో అంతస్తు వదినగారు" అని ముందు ఆ ముక్క రాయించారట.

ఆర్డరు పోతుంది, అంతా మునుగుతాం అని ఎండీ గొంతు పెంచాడు. జడ్జిగారు కళ్ళు తెరిచి, "బాబూ, ఒక మనిషి పడ్డాక ఏ ఆర్డరూ నిలవదు. నేను అక్కగారితో ఉన్నాను" అన్నారు. ఇక అందరూ ఛైర్మన్ వైపు చూశారు. ఆయన చాలాసేపు బల్ల మీది నీళ్ళ గ్లాసు మూత తీస్తూ పెడుతూ ఉన్నారట. తర్వాత, "ఆపేయండి. ఆ లాటు ప్యాడ్లు వేసిన ప్రతి లిఫ్టూ ఈ రోజే ఆపేయండి. ఆ ఇళ్ళవాళ్ళకి ఎందుకో చెప్పి ఆపండి. ఆర్డరు ఇచ్చేవాళ్ళకి సంతకానికి ముందే నేను చెబుతాను" అన్నారు.

"ఎవరికైనా దెబ్బలు..." అన్నాను. అడగడానికి భయమేసి సగంలో ఆగిపోయాను.

"లేదు మేడమ్. సర్వీసు వాళ్ళు అన్ని చోట్లా కనుక్కున్నారు. ఒకాయనకి కాలు బెణికిందట, తగ్గిపోయింది కూడా. ఇంకెవరికీ ఏమీ కాలేదు."

ఫోన్ పెట్టేసి వంటగదిలో గోడకి ఆనుకుని కింద కూలబడ్డాను. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఏది ముందో తెలియదు. బడి నుంచి వచ్చిన మా ఆయన చూసి కంగారు పడిపోయారు.

"ఏమైంది?"

"ఏమీ కాలేదండీ. ఎవరికీ ఏమీ కాలేదు."

"అందుకా ఏడుస్తున్నావ్?"

"అందుకే."

పక్కన కూర్చున్నారు. ఇద్దరం కలిసి, అతిగా తరిగిన ఆ కూరగాయల్ని ఏం చేయాలా అని చూస్తూ కూర్చున్నాం. ఈ వారంలో కడుపునిండా తిన్నది ఇవాళే.

ఫిబ్రవరి 14

నిద్ర. పొద్దెక్కేదాకా నిద్ర. అత్తయ్య లేపలేదు.

ఫిబ్రవరి 17

తొందరగారి ఫోన్. "క్లాసు మిగతా సగం ఎప్పుడని అడుగుతున్నారు! నేను ముందే అనుకున్నాను, వాళ్ళు మంచివాళ్ళని." ముందే ఎప్పుడనుకున్నావని అడగలేదు. ఆనందంలో ఉన్న మనిషిని అడ్డు ప్రశ్నలు వేయకూడదు.

ఆర్డరు ఇచ్చేవాళ్ళు సంతకం వాయిదా వేశారట. మానేస్తామని మాత్రం అనలేదట. ఎండీ రెండ్రోజులు ఇంట్లోంచి కదల్లేదని, ఇప్పుడు తనే మెకానిక్కుల వెంట బిల్డింగులు తిరుగుతున్నాడని సెక్రటరీ చెప్పాడు. మామగారి మీద కోపమో, లిఫ్టుల మీద ప్రేమో మరి. ఏదైతేనేం, తిరుగుతున్నాడు.

ఫిబ్రవరి 19

ఇవాళ మా బిల్డింగ్ వంతు. పొద్దున్నే మెకానిక్కులు వచ్చి పైన మోటారు గది తెరిచారు. మధ్యాహ్నం తలుపు చప్పుడైతే వాళ్ళకి మంచినీళ్ళు కావాలేమో అనుకుని తీశాను. గుమ్మంలో ఛైర్మన్. ఐదంతస్తులూ మెట్లెక్కి వచ్చారు. చొక్కా చెమటకి తడిసిపోయి ఉంది, మాట రావడం లేదు.

"ముందు కూర్చోండి నాయనా" అని అత్తయ్య తను కూర్చునే పడక కుర్చీ చూపించింది. దాంట్లో నన్నయితే కూర్చోనివ్వదు. మంచినీళ్ళు తాగి, ఊపిరి అందాక ఆయన అత్తయ్యకి చేతులు జోడించారు.

"మీకేమైనా అయ్యుంటే నేను ఏం చేసేవాణ్ణమ్మా!"

"ఏమీ కాలేదుగా. ఇంకా ఎందుకు?" అంది అత్తయ్య.

నా వైపు తిరిగారు. ఈసారి మేడమ్ అనలేదు. "ఆ కుర్రాడి ఇంటికి, అదే మా సెక్రటరీ ఇంటికి వెళ్ళి వస్తున్నాను. వాళ్ళావిడ ముందే తప్పయిందని చెప్పాను. మీక్కూడా చెప్పాలమ్మా."

"నాతో ఏముందండీ."

"ఉంది. మా సర్వీసు ఆయన వచ్చి చెప్పిన దగ్గర్నుంచీ నాకు నిద్ర లేదు. కళ్ళు మూసుకుంటే ఎక్కడో ఒక లిఫ్టు జారుతున్నట్టుండేది. మా ఆవిడకి కూడా చెప్పుకోలేదు. ఆ రోజు మీరు చదువుతుంటే నాకు ముందు కోపం రాలేదమ్మా. అమ్మయ్య, ఎవరికో తెలిసిపోయింది అనిపించింది. కోపం తర్వాత తెచ్చుకున్నాను."

ఆ మాట ఆయన బల్ల చుట్టూ అందరి ముందూ అనుంటే నా క్లాసు మొత్తం అందులోనే అయిపోయేది. అలా అనగలిగితే నాలాంటి వాళ్ళకి పనే ఉండదు. కాఫీ పెడతానని లోపలికి వెళ్ళాను.

కప్పుతో తిరిగొచ్చేసరికి అత్తయ్య నోటి మీద వేలు పెట్టుకుని ఉంది. ఛైర్మన్ తల ఒక పక్కకి వాలిపోయి ఉంది. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నగా గురక.

"లేపకు. ఎన్నాళ్ళయిందో పాపం" అంది గుసగుసగా.

పైన మెకానిక్కుల సుత్తి చప్పుళ్ళు. ఆయన కదల్లేదు. కాసేపటికి మా ఆయన బడి నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఎవరు?"

"ఛైర్మన్."

"మనింట్లో పడుకున్నారేం?"

"నిద్రొచ్చింది."

ఇక రుజువు అడగలేదు. చెప్పులు చేతిలో పట్టుకుని మునివేళ్ళ మీద లోపలికి వెళ్ళిపోయారు. కాఫీ చల్లారిపోతుంటే నేనే తాగేశాను. అత్తయ్య మాత్రం రిమోట్ వెతికి పట్టుకుని టీవీ శబ్దం పూర్తిగా తగ్గించేసి, బొమ్మలే చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్ళ కాపురంలో నా కోసం ఒక్కసారి కూడా తగ్గించలేదు.